హెడ్ హంటర్స్ (1973): అంతా ఆ బేస్ లైన్ మహిమేనా?

ఒడిస్సీ_రాజు (విజయవాడ)

జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ ఆల్బమ్ 'హెడ్ హంటర్స్' గురించి ఇక్కడ అక్కడో ముక్క ఇక్కడో ముక్క తప్ప విడిగా థ్రెడ్ కనబడలేదు, అందుకే మొదలుపెడుతున్నా. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు: 1973 అక్టోబర్‌లో కొలంబియా రికార్డ్ కంపెనీ నుంచి వచ్చింది, నాలుగే ట్రాకులు, 42 నిమిషాల లోపే అయిపోతుంది. బిల్‌బోర్డ్ ఆల్బమ్స్ చార్ట్‌లో 13 దాకా ఎక్కింది, జాజ్ ఆల్బమ్‌కి అప్పట్లో అది మామూలు విషయం కాదు. తర్వాత ప్లాటినమ్ కూడా అయింది, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకీ ఎక్కింది.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నా గొడవ వేరే. ఎవర్ని కదిపినా మొదటి ట్రాక్ 'కమీలియన్' బేస్ లైన్ (అడుగున తిరిగే మంద్ర స్వరాల వరస) నోటితో వాయించి చూపించి, "అబ్బ, ఏం గ్రూవ్ అన్నా" అని వదిలేస్తారు. నాకేమో ఈ ఆల్బమ్ తర్వాతి తరాలకి నేర్పింది ఆ లైన్ కాదు, ఏమేం తీసేయొచ్చో నేర్పింది అనిపిస్తుంది. గిటార్ లేదు చూడండి! 1973లో ఫంక్ ఆల్బమ్, గిటారిస్టు లేకుండా. గిటార్ చేసే ఆ చకచక పనంతా హోనర్ క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డ్ మీద హెర్బీయే చేసుకున్నాడు. అంతకుముందు బ్యాండ్‌లో ఉన్న ట్రంపెట్, ట్రాంబోన్ కూడా లేవు. 'కమీలియన్' మొదటి భాగమంతా రెండే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), బి ఫ్లాట్ మైనర్ నుంచి ఈ ఫ్లాట్ సెవెన్‌కి, మళ్లీ వెనక్కి. జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర అయిదేళ్లు అంత చిక్కటి హార్మొనీ వాయించిన మనిషి రెండు కార్డ్స్ మీద కూర్చున్నాడంటే అది బద్ధకం కాదు కదా.

మీరేమంటారు?

బేస్_బాబాయ్

రాజూ, సగం ఒప్పుకుంటా. కానీ ఆ బేస్ లైన్‌ని అంత తేలిగ్గా తీసిపారేయకు. ముందు అది వాయించింది ఎవరో చాలామందికి తెలీదు. బ్యాండ్ బేసిస్టు పాల్ జాక్సన్ అనుకుంటారు. కాదు, అది ఆర్ప్ ఒడిస్సీ అనే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) మీద హెర్బీ. ఒడిస్సీ 1972లో వచ్చిన యంత్రం, ఇంకా కొత్త వాసన పోలేదు.

మరి జాక్సన్ ఏం చేస్తున్నాడు? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. సింథ్ బేస్ ఒంటరిగా మొదలవుతుంది, హార్వీ మేసన్ డ్రమ్స్ దిగుతాడు, ఆ తర్వాత పైన సన్నగా, గిటార్‌లా కొరికినట్టు ఒక చిన్న ఫ్రేజ్ తిరుగుతూ ఉంటుంది. చాలామంది అది గిటార్ అనే అనుకుంటారు. అది జాక్సన్ బేస్ గిటార్, పై ఫ్రెట్స్ మీద. అంటే బేస్ వాయించాల్సినవాడు గిటార్ పని చేస్తున్నాడు, కీబోర్డ్ వాయించేవాడు బేస్ పని చేస్తున్నాడు. నేను కవర్ బ్యాండ్‌లో ఉన్నప్పుడు దీన్ని మామూలు పద్ధతిలో నలుగురం పంచుకుని వాయిస్తే చప్పగా ఉండేది. నోట్స్ అన్నీ కరెక్టే. అయినా చప్పనే. కీబోర్డ్ కుర్రాడి ఎడమ చేతికి కింది లైన్ ఇచ్చేసి నేను పైకి వెళ్లాకే బండి కదిలింది.

కొత్త_చెవులు

అందరికీ నమస్కారం. ఇప్పుడే మొదటిసారి విన్నా. తిట్టకండి గానీ, పదిహేను నిమిషాల 41 సెకన్లు ఒకటే తిప్పుతున్నారు కదా, మీకు బోర్ కొట్టదా? మొదటి నాలుగు నిమిషాలు తల ఊపాను, ఆ తర్వాత ఫోన్ చూసుకున్నా.

మృదంగం_మూర్తి (రాజమండ్రి)

తిట్టడమెందుకండీ, న్యాయమైన ప్రశ్న. నేను కర్ణాటకం వైపు నుంచి వచ్చినవాణ్ణి, నాకు ఇది నెరవల్‌లా వినబడింది. సాహిత్యం ఒకే పంక్తి, అదే తాళంలో అదే చోట పడాలి, కానీ ప్రతిసారీ దాని నడక మారుతుంది. ఇక్కడ లైన్ మారదు, లైన్ చుట్టూ మనుషులు మారతారు. మేసన్ హై హ్యాట్ (కాలితో తెరిచి మూసే తాళాల జత) ఒక్కదాన్నే పట్టుకుని ఒకసారి మొత్తం వినండి, ఎక్కడ తెరుస్తున్నాడు, ఎక్కడ మూస్తున్నాడు అని. లైన్ కదలకుండా ఉండబట్టే ఆ చిన్న మార్పులు చెవికి పెద్దగా తెలుస్తాయి.

ఇంకోటి, మీరు నాలుగు నిమిషాలకే ఫోన్ తీశారు గనక అసలు మలుపు దాటిపోయింది. సగం దగ్గర ఆ బేస్ లైన్ పూర్తిగా ఆగిపోతుంది. కొత్త గ్రూవ్, పైన సింథ్ స్ట్రింగ్స్ పొరలా, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో మీద హెర్బీ సోలో. అక్కడ కార్డ్స్ కూడా విచ్చుకుంటాయి. అంతా అయ్యాక మళ్లీ పాత లైన్ వస్తుంది. ఊసరవెల్లి అని ఊరికే పేరు పెట్టలేదు.

పాత_జాజ్_పిచ్చి (బెంగళూరు)

అందరూ పొగడ్తల్లో మునిగారు కాబట్టి నేను ఆ గట్టున నిలబడతా. దీనికి ముందు మూడు ఆల్బమ్స్ ఉన్నాయి, 'ఎంవాండిషి', 'క్రాసింగ్స్', 'సెక్స్‌టెంట్'. వాటిలో ఉన్న సాహసం 'హెడ్ హంటర్స్'లో లేదు. ప్యాట్రిక్ గ్లీసన్ సింథ్‌లతో ఆ బ్యాండ్ ఎక్కడికో వెళ్లిపోతుండేది, ఏ నిమిషం ఏమవుతుందో తెలీదు. అవి అమ్ముడుపోలేదు. ఇది అమ్ముడుపోయింది. అందుకే ఇవాళ దీనికి "ప్రభావం" అని పేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లోనే జాజ్ పెద్దలు డబ్బు కోసం దిగజారాడని రాశారు, వాళ్ల మాటలో ఎంతోకొంత నిజం లేకపోలేదు.

ఒడిస్సీ_రాజు

> అందుకే ఇవాళ దీనికి "ప్రభావం" అని పేరు పెట్టుకున్నాం

అన్నా, 'సెక్స్‌టెంట్' కూడా 1973లోనే, అదే కొలంబియా నుంచి వచ్చింది. ఒకే ఏడాది రెండూ. అంటే మనిషి మారలేదు, లెక్క మారింది. ఆ ముందు బ్యాండ్ నడపడానికి చేతి డబ్బు పోసేవాడు, ఆపేయక తప్పలేదు, అది నిజమే. కానీ డబ్బు ఒక్కటే అంటే కుదరదు. అప్పటికే బౌద్ధంలోకి వచ్చాడు, మంత్రం జపిస్తూ కూర్చున్నప్పుడు ఫంక్ గాయకుడు స్లై స్టోన్ పాట ఒకటి చెవిలో తిరిగిందని, తనే ఆ బ్యాండ్‌లో కూర్చుని వాయిస్తున్నట్టు తోచిందని హెర్బీయే చెప్పుకున్నాడు. మూడో ట్రాక్ పేరే 'స్లై'. అది వినండి, మధ్యలో వేగం పెరిగాక బెనీ మాపిన్ సొప్రానో శాక్స్ ఎలా ఎగురుతుందో. దాన్ని కూడా దిగజారుడు అంటే నేనేం చెప్పలేను.

ఆ మాపిన్ మీ 'ఎంవాండిషి' బ్యాండ్ మనిషే. పాత గుంపులోంచి మిగిలింది ఆయనొక్కడే. రికార్డింగ్ జరిగిన రెండు స్టూడియోల్లో ఒకటి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని డిఫరెంట్ ఫర్, మీరు చెప్పిన గ్లీసన్‌దే. తెగిపోయింది అనుకుంటున్నారు గానీ బొడ్డుతాడు అక్కడే ఉంది.

పాత_జాజ్_పిచ్చి

స్టూడియో ఒకటే అయితే సంగీతం ఒకటే అయిపోదు తమ్ముడూ. 'వీన్ మెల్టర్' మాత్రం నాకూ ఇష్టమే, ఒప్పుకుంటా. ఆ మెల్లటి కిక్ డ్రమ్, దాని మీద మాపిన్ బేస్ క్లారినెట్. పాత బ్యాండ్ నీడ పడింది ఆ ఒక్క ట్రాక్ మీదే. విచిత్రమేమంటే దాని గురించి ఒక్కడూ మాట్లాడడు.

పాటల_పెట్టె (హైదరాబాద్)

బేస్ లైన్ దగ్గరే అందరూ ఆగిపోయారు, రెండో ట్రాక్ సంగతి నేనెత్తుతా. 'వాటర్‌మెలన్ మ్యాన్' కొత్త పాట కాదు. 1962లో బ్లూ నోట్ రికార్డ్ కంపెనీ వాళ్లకి చేసిన మొదటి ఆల్బమ్ 'టేకిన్ ఆఫ్'లోది. షికాగోలో తన చిన్నప్పుడు రాళ్లు పరిచిన సందుల్లో పుచ్చకాయల గుర్రపు బండి వచ్చేదట, ఆ చక్రాల చప్పుడు, కిటికీల్లోంచి ఆడవాళ్ల పిలుపు, వాటిలోంచి కట్టాడు. మరుసటేడు క్యూబా తాళవాద్యకారుడు మాంగో సాంటామరియా వాయిస్తే పెద్ద హిట్టయింది.

1973లో హార్వీ మేసన్ దాన్ని విప్పి మళ్లీ కుట్టాడు. మొదట్లో వచ్చే ఆ ఊ ఊ మనే పిలుపు ఉంది చూశారూ, అది ఫ్లూట్ కాదు. బ్యాండ్ తాళవాద్యాల మనిషి బిల్ సమ్మర్స్ బీరు సీసాలో ఊదుతూ మధ్యమధ్య గొంతుతో పలుకుతున్నాడు. ఆ పద్ధతి మధ్య ఆఫ్రికాలో అడవుల్లో ఉండే బా బెంజెలె అనే పిగ్మీలది, హిండెవూ అంటారు. ఒకే స్వరం పలికే చిన్న ఊదుడు గొట్టం, బొప్పాయి కాడతో చేసింది, ఒక ఊదు ఒక పలుకు మార్చి మార్చి. సిమ్హా ఆరోమ్ అనే పరిశోధకుడు 1960ల్లో అక్కడ రికార్డ్ చేసిన ఎల్పీ నుంచి వచ్చింది ఇదంతా.

ఇక్కడే నాకు గొంతులో ముల్లు పడుతుంది. స్టీవెన్ ఫెల్డ్ అనే ఆయన 1996లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. హెర్బీని ఫోన్‌లో అడిగితే ఇది అన్నదమ్ముల మధ్య సంగతి అన్న ధోరణిలో జవాబిచ్చాడట. సరే. అంతకుముందు 1994లో మడోనా తన 'శాంక్చురీ' పాటలో ఈ ట్రాక్ ముక్క వాడుకుంది. క్రెడిట్ హెర్బీకి వెళ్లింది. బా బెంజెలె వాళ్లకి?

కొత్త_చెవులు

అయ్యో, బొప్పాయి కాడతో బూర మేమూ ఊదేవాళ్లం కదండీ చిన్నప్పుడు, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో. పాలు కారి మూతి మండేది.

బేస్_బాబాయ్

పాటల పెట్టె గారూ, కోపం అర్థమైంది గానీ సమ్మర్స్ రికార్డు కోసి అతికించలేదు కదా. విని, నేర్చుకుని, సీసాతో తన ఊపిరితో చేశాడు. సంగీతం ఇలాగే తిరుగుతుంది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదంటే జాజే లేదు.

పాటల_పెట్టె

తీసుకోవద్దని నేననలేదు బాబాయ్. లెక్క ఒకవైపే నడుస్తోంది అంటున్నా. ఇదే 'వాటర్‌మెలన్ మ్యాన్' 1962లో రికార్డ్ చేసేటప్పుడు పబ్లిషింగ్ హక్కులు కంపెనీకి వదలొద్దని ట్రంపెట్ వాయించే డొనాల్డ్ బర్డ్ చెబితే హెర్బీ గట్టిగా పట్టుబట్టి దగ్గర పెట్టుకున్నాడు. ఆ పాట రాయల్టీతో షెల్బీ కోబ్రా కారు కొన్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, నల్లవాడు, కంపెనీతో అలా నిలబడటం మామూలు ధైర్యం కాదు, చప్పట్లు కొట్టాల్సిందే. హక్కుల విలువ అంత బాగా తెలిసిన మనిషికి పదకొండేళ్ల తర్వాత, అదే పాటకి, ఆ అడవిలోవాళ్ల పేరు కవర్ మీద వెయ్యాలని తట్టలేదా? నా ప్రశ్న అంతే. ఆల్బమ్ ప్రభావం అంటే ఇది కూడా అందులో భాగమే. తర్వాత శాంప్లింగ్ (పాత రికార్డు ముక్క కోసి కొత్త పాటలో వాడటం) గొడవలన్నిటికీ ఇది ముందు వరస.

ఒడిస్సీ_రాజు

ఈ ముక్కకి నా దగ్గర జవాబు లేదు. కవర్ చూసినా అదే పరిస్థితి. విక్టర్ మొస్కోసో వేసిన డిజైన్, కీబోర్డ్ ముందు కూర్చున్న హెర్బీ మొహానికి ఐవరీ కోస్ట్ బావులే వాళ్ల గుండ్రటి ముసుగు. దగ్గరగా చూస్తే ఆ కళ్లూ నోరూ టేప్ రికార్డర్ హెడ్స్‌ని డీమాగ్నటైజ్ చేసే పరికరంలోంచి వచ్చిన ఆకారాలు. ఆఫ్రికానీ ఎలక్ట్రానిక్స్‌నీ ఒకే మొహంలో కలిపారు. చూడ్డానికి అదిరిపోతుంది. అడిగి తీసుకున్నారా అంటే, మళ్లీ మీ ప్రశ్నే.

ఎడిసన్_నాన్న (న్యూజెర్సీ)

చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మా అబ్బాయి హైస్కూల్ జాజ్ బ్యాండ్‌లో ట్రంపెట్. వాళ్ల కచేరీకి వెళ్లే ప్రతి తల్లిదండ్రులకీ 'కమీలియన్' కంఠతా వచ్చేసింది, ఇష్టమున్నా లేకున్నా. ఒరిజినల్‌లో ట్రంపెట్టే లేదు కదా, మరి వీళ్లంతా ఎలా వాయిస్తున్నారని మాస్టారిని అడిగితే చెప్పాడు. మేనార్డ్ ఫెర్గుసన్ అనే ట్రంపెట్ ఆయన 1974లోనే దాన్ని బిగ్ బ్యాండ్‌కి మార్చి రికార్డ్ చేశాడు, ఆల్బమ్ పేరు కూడా అదే. స్కూళ్లలోకి ఈ పాట ఆ దారిన వచ్చిందట. రెండే కార్డ్స్ కాబట్టి మొదటిసారి సోలో వాయించే పిల్లలకి భయం ఉండదు, తప్పిపోయినా తిరిగి దొరుకుతారు.

రాజు గారు తీసేయడం గురించి అన్నది నాకు అక్కడ అర్థమైంది. ఆ పిల్లలకి హార్మొనీ టెన్షన్ లేకపోవడంతో ఒకళ్లనొకళ్లు వినడం మొదలుపెట్టారు. మావాడు ఇంట్లో మాత్రం ఎవరి మాటా వినడు, అది వేరే సంగతి.

బీట్స్_శీను (వరంగల్)

నా వైపు నుంచి. నేను హిప్ హాప్ బీట్స్ చేస్తా, ఈ ఆల్బమ్ దగ్గరికి వెనక దారిన వచ్చా. రాపర్ టూపాక్ మొదటి ఆల్బమ్‌లో 'వర్డ్స్ ఆఫ్ విజ్‌డమ్' ఉంది, 1991, అందులో 'కమీలియన్' వినబడుతుంది. ఇది ఎక్కడిదిరా అని వెతుక్కుంటూ పోతే ఇక్కడ తేలా. తర్వాత ఈ బ్యాండ్ హెర్బీ లేకుండా హెడ్ హంటర్స్ పేరుతోనే 1975లో 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' తెచ్చింది, అందులో 'గాడ్ మేక్ మీ ఫంకీ' డ్రమ్స్ హిప్ హాప్‌లో వాడనివాడు పాపాత్ముడు.

శాంపిల్ చేసేవాడికి ఈ రికార్డ్ ఎందుకంత ముద్దో చెప్తా. ఖాళీలున్నాయి. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు నోరు మూసుకుంటారు, కాబట్టి రెండు బార్లు (తాళం ఆవర్తాలు) కోస్తే శుభ్రంగా ఊడి వస్తుంది. గిటారూ హార్న్‌లూ ఆర్గానూ అన్నీ ఒకేసారి మోగే రికార్డులో అలా కొయ్యలేం, పక్కవాడి తోక కూడా వస్తుంది. రాజన్న చెప్పిన మాట నిజమే, కానీ అది సంగీతం మాటే కాదు, కత్తెర మాట కూడా.

మరీ దగ్గరి కాలానికొస్తే 2014లో ఫ్లయింగ్ లోటస్ అనే బీట్ మేకర్ ఆల్బమ్ 'యూ ఆర్ డెడ్'లో హెర్బీ స్వయంగా వాయించాడు. డెబ్బై దాటిన మనిషి.

పాత_జాజ్_పిచ్చి

మైల్స్ 'ఆన్ ది కార్నర్' 1972ది, అందులోనూ రెండు మూడు కార్డ్స్ కూడా లేవు, అందులోనూ హెర్బీ ఉన్నాడు, పైగా బాదల్ రాయ్ తబలా, సితార్ కూడా. అప్పుడు దాన్ని ఎవడూ కొనలేదు. తీసేయడం అనే ఆలోచన హెర్బీ సొంతం అన్నట్టు మాట్లాడకండి.

మృదంగం_మూర్తి

సొంతం అని ఎవరూ అనలేదు సార్. రెండూ పక్కపక్కనే పెట్టి వినండి. 'ఆన్ ది కార్నర్'లో కార్డ్స్ తగ్గాయి గానీ మనుషులు తగ్గలేదు, ఎవరెక్కడ ఉన్నారో పట్టుకోవడమే కష్టం, అది కావాలనే చేశారు. ఇక్కడ అయిదుగురు, ప్రతివాడికీ తన చోటు. నాకు తబలా ఉన్నదాని కన్నా తబలా లేని ఇదే మన లయకి దగ్గరగా అనిపించడం తమాషా.

కొత్త_చెవులు

మళ్లీ విన్నా, మూర్తి గారు చెప్పినట్టు హై హ్యాట్ పట్టుకుని. ఫోన్ తియ్యలేదు. ఇంతకీ మన సినిమా పాటల్లో దీని ప్రభావం ఎక్కడైనా ఉందా?

బేస్_బాబాయ్

ఈ ప్రశ్న వస్తుందని చూస్తున్నా. వా వా బేస్, క్లావినెట్ లాంటి చప్పుడు వినబడగానే "ఇది అక్కణ్నుంచే" అని వీడియోలు పెట్టేవాళ్లు చాలామంది తయారయ్యారు. క్లావినెట్ వినబడితే హెర్బీ కానక్కర్లేదు, 1972లో స్టీవీ వండర్ 'సూపర్‌స్టిషన్' ఊరూరా మోగింది. పైగా మన దగ్గరికి ఆ చప్పుళ్లలో చాలావరకు డిస్కో మీదుగా వచ్చాయి. రుజువు లేకుండా సూటి చుట్టరికం కలపొద్దు.

పాటల_పెట్టె

చుట్టరికం కావాలంటే నిఖార్సైనది ఒకటుంది, అది మాత్రం ఈ ఆల్బమ్‌తో కాదు, మనిషితో. హెర్బీ 2010లో 'ది ఇమాజిన్ ప్రాజెక్ట్' అని చేశాడు, దేశదేశాల గాయకులతో. అందులో చివరి పాట 'ది సాంగ్ గోస్ ఆన్'లో చకా ఖాన్, అనౌష్కా శంకర్ సితార్, వేన్ షార్టర్ శాక్స్, వాళ్లతోపాటు మన చిత్ర గారు. అవును, కె. ఎస్. చిత్ర గారే. ఆవిడ తెలుగు పాటలతో పెరిగినవాళ్లు ఎంతమందికి తెలుసు ఆవిడ హెర్బీ రికార్డులో ఉన్నారని? పైగా ఇక్కడ పాడినవాళ్ల పేర్లు కవర్ మీద ఉన్నాయి. నా పాత గొడవ మర్చిపోలేదని గమనించగలరు.

బీట్స్_శీను

చిత్రమ్మ!! ఇది తెలీదు అక్కా, దండం.

ఎడిసన్_నాన్న

ఒక ప్రశ్న, మావాడి తరఫున. దీని తర్వాత ఏది వినాలి? వాడికి ఈ ఆల్బమ్ బాగా ఎక్కింది.

ఒడిస్సీ_రాజు

'థ్రస్ట్', 1974. కళ్లు మూసుకుని చెప్తా. హార్వీ మేసన్ లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో పనులు వదులుకుని టూర్లకి రానన్నాడు, ఆయన చోట ఓక్లండ్ నుంచి మైక్ క్లార్క్ వచ్చాడు. 'యాక్చువల్ ప్రూఫ్' వినిపించండి, క్లార్క్, జాక్సన్ ఇద్దరూ తాళంలో ఒకటో దెబ్బ ఎక్కడుందో దాచేసి ఆడుకుంటారు. నాకైతే వాయిద్యం పరంగా అది 'హెడ్ హంటర్స్' కన్నా ఒక మెట్టు పైనే. కానీ దాన్ని స్కూల్ బ్యాండ్లు వాయించలేవు, అందుకే అంత పాకలేదు.

మృదంగం_మూర్తి

పాల్ జాక్సన్ 2021లో పోయారు, చాలా ఏళ్లు జపాన్‌లో ఉన్నారు. 2024 ఆగస్టులో హాలీవుడ్ బౌల్‌లో యాభై ఏళ్ల సందర్భంగా మిగతావాళ్లంతా మళ్లీ కలిసి వాయించారు, హెర్బీ, మాపిన్, సమ్మర్స్, మేసన్. జాక్సన్ చోట మార్కస్ మిల్లర్.

కొత్త_చెవులు

బాబాయ్ గారూ, ఆఖరి సందేహం. నా దగ్గర సింథ్ లేదు, నాలుగు తీగల బేస్ ఒక్కటే ఉంది. 'కమీలియన్' కింది లైన్ దాని మీద నేర్చుకోనా, జాక్సన్ పై లైన్ నేర్చుకోనా?

బేస్_బాబాయ్

పై లైన్. కింది లైన్ ఒరిజినల్‌లో హెర్బీ వాయించి పెట్టాడుగా, రికార్డ్ వేసి దాని మీద నువ్వు వాయించు. ముందు క్లావినెట్ ఎక్కడ పడుతోందో విను, అది పడ్డచోట నువ్వు పడకు. నోట్స్ కొంచెమే ఉన్నాయి, సాయంత్రానికి వేళ్లకి వచ్చేస్తాయి. మూడు నిమిషాల తర్వాత ఏదైనా కలపాలని చెయ్యి దురద పెడుతుంది, కలపకు.